పోకెమాన్ ఆటలో దేనికి బలము పెంచవలెను?

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి - ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. రెండు నెలలు గడచిన పిదప, అదే సంవత్సరము డిసెంబరు 14న, పోకెమాన్ గో అను సెల్‌ఫోను ఆట జియో సంస్థ తోడ్పాటుతో భారతదేశమున ప్రవేశించెను. ఈ రెండు సంగతులకును పరస్పర సంబంధమేమియు లేదు. కాని ఆ ఏట ఆరవ తరగతి చదివిన పిల్లలు ఈనాడు కళాశాల వయస్సునకు వచ్చినారు. ఆట మాత్రము ఇంకను సాగుచునే యున్నది. దాని తరువాత వచ్చిన పిల్లలు బడి విడిచిన వేళ ఫోను చేతబట్టి గుడి వద్దనో, బస్టాండు వద్దనో నిలిచి ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న ఒక్కటే: “ఉన్న డస్టు దేనికి పెట్టాలి?”

ఆట పేరు వినగానే ఉపాధ్యాయులకు చిరాకు కలుగుట సహజము. అయినను ఈ ప్రశ్నను విప్పిచూచినచో అందులో వర్గమూలము, అనుపాతము, సంభావ్యత, అర్థశాస్త్రపు మొదటి పాఠము - ఇన్నియు కనబడును. చాలమంది పిల్లలు ఈ లెక్కను తప్పుగా చేసి నెలల తరబడి కూడబెట్టినదానిని ఒక్క సాయంకాలములో పోగొట్టుకొనుచున్నారు. ఒకసారి పెట్టిన డస్టు తిరిగిరాదు. కావున లెక్క ముందే చేసికొనుట అవసరము.

ఆట తెలియని వారికొరకు రెండు మాటలు. జపానుకు చెందిన సతోషి తజిరి చిన్నతనమున పురుగులను పట్టి సేకరించుటలో ఆసక్తి కలవాడు. ఆ ఆసక్తి నుండియే వింతజంతువులను పట్టి పెంచు పోకెమాన్ ఆట రూపొంది, 1996 ఫిబ్రవరి 27న జపానులో విడుదలయ్యెను. అప్పుడు జంతువులు 151 రకములు. ఇప్పుడు వేయి దాటినవి. 2016లో నియాంటిక్ అను అమెరికా సంస్థ దీనిని వీధులలోనికి తెచ్చెను. ఆ సంస్థ తన ఆటల విభాగమును 2025లో స్కోప్లీ అను మరియొక సంస్థకు అమ్మివేసినది. ఫోను ఉపగ్రహముల సంకేతములను బట్టి తాను భూమిపై ఎచ్చట ఉన్నదో తెలిసికొని, ఆ చోటి పటమును తెరపై చూపును. నడచుచుండగా పటముపై జంతువులు పొడసూపును. తెరపై బంతిని విసరి వానిని పట్టుకొనవలెను. ఉపగ్రహ సంకేతము భూమిలోనికి చొరదు గనుక భూపాలపల్లి బొగ్గుగనుల అడుగున ఈ ఆట సాగదు. గని పైకి వచ్చిన తరువాతనే సాగును.

బంతులు ఉచితముగా దొరకు చోట్లు కొన్ని పటముపై గుర్తింపబడి యుండును. వానిని పోకెస్టాపులందురు. ఆలయములు, చర్చిలు, విగ్రహములు, గ్రంథాలయములు, రైలు స్టేషన్లు వంటి గుర్తింపదగిన స్థలములకు ఈ గౌరవము లభించును. ఆటగాళ్లు ప్రతిపాదింపగా ఇతర ఆటగాళ్లు పరిశీలించి ఆమోదించుటయే పద్ధతి. పాలకుర్తి సోమేశ్వరాలయము, డోర్నకల్ చర్చి, కాళేశ్వర క్షేత్రము వంటివి ఈ నియమమునకు చక్కగా సరిపోవు స్థలములు. కాని విగ్రహములు వరుసగా నిలిచిన హైదరాబాదు ట్యాంకుబండుపై నడచు పిల్లవానికిని, రెండు చెరువుల నడుమ ఉన్న తండాలోని పిల్లవానికిని ఎంత తేడా! మొదటివాడు గంటలో పట్టినన్ని జంతువులు రెండవవానికి వారమునకు దొరకకపోవచ్చును. పట్టణపు బాలుడు తప్పుగా ఖర్చుపెట్టినను మరల సంపాదించుకొనును. ఈ మూడు జిల్లాల పల్లెలలోని బాలునకు ఆ వీలు తక్కువ. అందుచేతనే ఎంపిక ఇక్కడ ఎక్కువ ముఖ్యమగుచున్నది.

ఇక ధనము సంగతి. ఈ ఆటలో జంతువునకు బలము పెంచుటకు రెండు వస్తువులు కావలెను. ఒకటి స్టార్‌డస్ట్, ఇది అన్ని జంతువులకును ఉమ్మడి. రెండవది క్యాండీ, ఇది ఏ జాతికి ఆ జాతిదే, ఒకదానిది మరొకదానికి పనికిరాదు. సాధారణమగు చిన్నజంతువును ఒకదానిని పట్టినచో 100 డస్టు, 3 క్యాండీలు వచ్చును. ఒకే జంతువును మొదటి లెవెల్ నుండి 40వ లెవెల్ వరకు పెంచుటకు 2,70,000 డస్టు, 304 క్యాండీలు పట్టును. డస్టును మాత్రమే లెక్కించినను ఇది 2,700 జంతువులను పట్టినంత శ్రమ. 2020 చివర పరిమితి 50వ లెవెల్‌కు పెరిగినది; ఆ చివరి పది లెవెళ్లకు వేరుగా 2,50,000 డస్టును, 296 ఎక్స్‌ఎల్ క్యాండీలును కావలెను. డస్టు ఉమ్మడి సొత్తు గనుక ఒకదానికి పెట్టిన ప్రతి గింజయు మరొకదాని నోటి నుండి తీసినదే యగును. క్యాండీ విషయములో ఇట్టి పోటీ లేదు. పిల్లలు క్యాండీని దాచి డస్టును వెదజల్లుట తరచుగా చూడవచ్చును. చేయవలసినది దీనికి సరిగా తలక్రిందులు.

ఇప్పుడు అసలు లెక్క. ప్రతి జాతికిని దాడి, రక్షణ, ఆయువు అను మూడు మూలసంఖ్యలుండును. లెవెల్‌ను బట్టి ఒక గుణకము నిర్ణయింపబడి, ఈ మూడింటిని హెచ్చించును. మొదటి లెవెల్‌లో ఆ గుణకము 0.094, 30వ లెవెల్‌లో 0.7317, 40వ లెవెల్‌లో 0.7903, 50వ లెవెల్‌లో 0.8403. ఒకటి నుండి 30 వరకు గుణకము సుమారు 7.8 రెట్లగుచున్నది. ఆ ప్రయాణమునకు ఖర్చు 1,20,000 డస్టు. 30 నుండి 40 వరకు గుణకము నూటికి 8 మాత్రమే పెరుగుచున్నది. దానికి ఖర్చు 1,50,000! అనగా మొత్తము ఖర్చులో సగము కంటె ఎక్కువ భాగము చివరి పది లెవెళ్లకే పోవుచున్నది.

మహబూబాబాద్ ప్రాంతపు మిర్చి రైతులకు ఈ సంగతి క్రొత్త కాదు. ఎరువు మొదటి బస్తా వేసినప్పుడు చేను కళకళలాడును. రెండవదానికి కొంత పెరుగును. నాలుగవదానికి ఖర్చే గాని కాపు పెరగదు. దీనినే అర్థశాస్త్రమున క్షీణప్రతిఫల న్యాయమందురు. ఎరువు ఎక్కువైనచో చేను చెడునేమో గాని డస్టు ఎక్కువైనచో జంతువు చెడదు - పోలిక అంతవరకే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. దాడి, రక్షణ, ఆయువు మూడును నూటికి ఎనిమిదేసి పెరుగుచున్నవి గదా. జంతువు గట్టిగా కొట్టును, తక్కువ దెబ్బతినును, ఎక్కువసేపు నిలుచును. మూడింటిని హెచ్చించినచో, 1.08 యొక్క ఘనము 1.26, అనగా నూటికి 26 లాభము కాదా? నిజమే. పడిపోవులోపల చేయు మొత్తము పని సుమారు ఆ మేరకు పెరుగును. అయితే పలువురు కలసి ఒక పెద్దజంతువును ఎదిరించు రైడు అను పోరాటమునకు కాలపరిమితి కలదు. మిక్కిలి బలమైన రైడుకు సాధారణముగా 300 సెకనులు, చిన్నవానికి 180. గడియారముతో పోటీపడునప్పుడు లెక్కకు వచ్చునది సెకనుకు ఎంత దెబ్బ అను సంగతియే. అది పెరుగునది నూటికి 8 మాత్రమే. పైగా ఒక జట్టులో ఆరు జంతువులుండును. ఒకదానిని 30 నుండి 40కి తీసికొనిపోవు డస్టుతో మరొక జంతువును మొదటి లెవెల్ నుండి 30 వరకు పెంచి, 30,000 మిగుల్చుకొనవచ్చును. ఆరింటిలో ఒకటి మాత్రమే బలిసి తక్కిన అయిదును బక్కచిక్కియున్న జట్టు ఎక్కువసేపు నిలువజాలదు. జట్టు ఆరును 30 చేరువరకు ఏదియు 40 చేరనక్కరలేదు అనుట మంచి నియమము.

తెరపై ప్రతి జంతువు తలమీద కనబడు పెద్ద అంకెను సీపీ అందురు. పిల్లల తప్పులలో సగము ఈ అంకెను నమ్ముట వలన కలుగునవే. దానిని లెక్కించు సూత్రము ఇది: దాడిని, రక్షణ యొక్క వర్గమూలముతోను, ఆయువు యొక్క వర్గమూలముతోను, గుణకపు వర్గముతోను హెచ్చించి, పదితో భాగించి, భిన్నమును వదలివేయవలెను. గుణకము వర్గరూపమున వచ్చుట చేత 30 నుండి 40కి పోయినప్పుడు దెబ్బ నూటికి 8 పెరుగగా, సీపీ నూటికి 16కు పైగా పెరిగినట్లు కనబడును. కన్ను మోసపోవుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణమునకు స్లేకింగ్ అను సోమరి జంతువే నిదర్శనము. దాని దాడి 290, రక్షణ 166, ఆయువు 284. 40వ లెవెల్‌లో దాని సీపీ 4,431 వరకు పోగలదు. ఇంత పెద్ద అంకె మహావీరులనదగిన జంతువులకు సైతము అరుదు. కాని చాలకాలము దానికున్న శీఘ్రప్రయోగము ఆవులించుట! ఆవులింతకు బలము సున్న. సీపీ సూత్రములో మూలసంఖ్యలున్నవి గాని జంతువునకు తెలిసిన ప్రయోగముల ప్రసక్తియే లేదు. పశువుల సంతలో కొమ్ముల నిడివిని, గంగడోలును చూచి కొని, ఇంటికి తెచ్చి నాగలి కట్టిన తరువాత కాలు కదపని ఎద్దును చూచి లబలబలాడిన రైతు కథ ఇట్టిదే.

ఇంతకంటె ముఖ్యమైనది జాతిగుణము. నీరు, నిప్పు, ఆకు, రాయి, పిడుగు, మల్లయుద్ధము - ఇట్లు 18 గుణములు కలవు. నీరు నిప్పును, నిప్పు ఆకును, ఆకు నీటిని గెలుచును. చేతులతో ఆడు రాయి-కాగితము-కత్తెర ఆట వంటిదే ఇది. ‘క’ కంటె ‘చ’ గొప్పది, ‘చ’ కంటె ‘ట’ గొప్పది, కావున ‘క’ కంటె ‘ట’ గొప్పది అను తర్కము ఇచ్చట చెల్లదు. కనుక “అన్నింటిలో బలమైనది ఏది?” అను ప్రశ్నకు అర్థమే లేదు, “ఎవరి మీద?” అని ఎదురుప్రశ్న వేయవలెను. ఎదుటివాని గుణమునకు తగిన ప్రయోగమైనచో దెబ్బ 1.6 రెట్లగును, ఎదుటివానికి రెండు గుణములుండి రెండును దానికి లొంగునవే అయినచో 2.56 రెట్లు. తగనిదైనచో 0.625కు తగ్గును. తన గుణమునకు చెందిన ప్రయోగమునే వాడినచో మరియొక 1.2 కలసివచ్చును. ఆ సమయమున అచ్చటి వాతావరణము అనుకూలించినచో ఇంకొక 1.2; వాన కురియునప్పుడు నీరు, పిడుగు, పురుగు జాతులకు ఈ లాభము కలదు.

ఉదాహరణకు టైరనిటార్ అను జంతువును తీసికొందము. దాని గుణములు రాయి, చీకటి. దానిని ఎదిరించుటకు ఒక బాలుని వద్ద రెండు జంతువులున్నవి: రెక్కల పాము డ్రాగనైట్, నాలుగు చేతుల మల్లుడు మచాంప్. పూర్తిగా పెంచినచో 40వ లెవెల్‌లో డ్రాగనైట్ సీపీ 3,792; మచాంప్ సీపీ 3,056. అంకె చూచి పిల్లవాడు డ్రాగనైట్‌కే డస్టు పోయును. లెక్క చూడుడు. డ్రాగనైట్ మూలదాడి 263; తన గుణపు ప్రయోగమునకు 1.2, టైరనిటార్‌పై దానికి వేరు లాభము లేదు. 263ను 1.2తో హెచ్చింపగా సుమారు 316. మచాంప్ మూలదాడి 234 మాత్రమే. కాని మల్లయుద్ధమునకు రాయియు చీకటియు రెండును లొంగును. 234ను 1.2తోను, 2.56తోను హెచ్చింపగా సుమారు 719. సమాన బలము గల ప్రయోగములైనచో మచాంప్ దెబ్బ రెండింతలకు మించినది. అదిగాక టైరనిటార్ విసరు రాళ్లు రెక్కలున్న డ్రాగనైట్‌కు 1.6 రెట్లు తగులగా, మల్లునకు 0.625 వంతే తగులును. పెద్ద అంకె గలది చిన్న అంకె గలదాని ముందు ఇంతగా వెలవెలబోవుట మొదటిసారి చూచిన పిల్లలకు నమ్మశక్యము కాదు.

మూడు రహస్యపు అంకెల సంగతి ఇంకను మిగిలియున్నది. పట్టిన ప్రతి జంతువునకును దాడి, రక్షణ, ఆయువులలో ఒక్కొక్కదానికి 0 నుండి 15 వరకు ఏదో ఒక అంకె పుట్టుకతోనే కలియును. ఒక్కొక్కదానికి 16 అవకాశములు గనుక మొత్తము 4,096. మూడును 15 అయిన ‘నూటికి నూరు’ జంతువు సామాన్యముగా 4,096లో ఒకటి. “అయితే 4,096 పట్టినచో తప్పక దొరకునా?” అని తరగతిలో ఎవరైనను అడుగుదురు, అడుగవలెను. దొరకదు. అన్నింటిని పట్టినను ఒక్కటియు రాని సంభావ్యత నూటికి సుమారు 37. రోజునకు ఇరువది పట్టు బాలునకు 4,096 అనగా ఏడు నెలల పని; ఆ తరువాతను ముగ్గురిలో ఒకనికి మించి రిక్తహస్తులే. రైడులో గెలిచి పట్టినదానికి ప్రతి అంకెయు 10కి తగ్గదు గనుక అవకాశములు 216 మాత్రమే. అందులో ఒకటి పూర్ణము.

ఇంత అరుదైనదాని విలువ ఎంత? మచాంప్ దాడి 234. దానికి 15 కలిసినచో 249. సున్నకును పదునైదునకును భేదము నూటికి 6.4. గుణము తగినచో లాభము నూటికి 60, రెండుసార్లు తగినచో 156. కనుక ‘నూటికి నూరు’ దొరకలేదని తగిన జాతి జంతువును పారవేసి, దొరికినదని తగని జాతిని పోషించుట పొరపాటు. పూర్ణజంతువును చేతబట్టినవాని ఆనందము కాదనరానిదే. అది తపాలాబిళ్లలు సేకరించువాని ఆనందము వంటిది, పోరునకు సంబంధించినది కాదు.

ఇంతవరకు అంకెలు ఎక్కువైనచో మేలు అనుకొంటిమి. అది తలక్రిందులగు చోటు ఒకటి కలదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోరాడు పోటీలు 2018 డిసెంబరులో మొదలై, 2020లో క్రమమైన లీగులైనవి. వానిలో గ్రేట్ లీగ్ అనుదానిలో సీపీ 1,500 దాటిన జంతువునకు ప్రవేశము లేదు. అల్ట్రా లీగ్‌కు హద్దు 2,500. బరువునుబట్టి కుస్తీ పట్టించినట్లు ఇది సీపీని బట్టి పట్టించు కుస్తీ. సూత్రమును మరల చూడుడు: దాడి పూర్తిగా లెక్కకు వచ్చుచున్నది, రక్షణయు ఆయువును వర్గమూలములుగా మాత్రమే వచ్చుచున్నవి. కావున దాడి ‘ఖరీదైన’ సరకు, తక్కిన రెండును ‘చవుక’ సరకులు. హద్దులోపల సంచి నింపుకొనవలసి వచ్చినప్పుడు తెలివిగలవాడు చవుక సరకునే ఎక్కువ కొనును.

అజుమరిల్ అను నీటికుందేలు మూలసంఖ్యలు 112, 152, 225. దాని రహస్యపు అంకెలు మూడును 15 అయినచో దాడి 127. అది 36వ లెవెల్ వద్ద 1,500 అంచునకు చేరి ఆగవలసివచ్చును. దాడికి సున్న, తక్కిన రెండింటికి 15 అయినదానికి దాడి 112 మాత్రమే. అది 45వ లెవెల్ దాటి 45.5 వరకు పోయినను 1,500 లోపలనే యుండును. లెవెల్ పెరుగుట చేత గుణకము నూటికి సుమారు 6.6 ఎక్కువ, రక్షణ, ఆయువు రెండును ఆ మేరకు హెచ్చును. దాడి మాత్రము నూటికి 6 తగ్గును. మూడింటి లబ్ధము మొత్తముమీద నూటికి సుమారు 6.7 పెరుగును. సూచికలన్నింటిలో హీనమనిపించిన జంతువు ఈ గోదాలో పూర్ణజంతువు కంటె మేలగుచున్నది! అయితే దీనికిని వెల కలదు. 36 నుండి 45.5 వరకు పోవుటకు 1,97,000 డస్టును, దొరకుటకు కష్టమైన ఎక్స్‌ఎల్ క్యాండీయు కావలెను. నూటికి 6.7 లాభమునకు సుమారు రెండు లక్షలు. వరంగల్లు, హైదరాబాదు పోటీగాళ్లతో ఫోనులో తలపడదలచిన వానికి అది తగిన ఖర్చే కావచ్చును; ఇంకను ఆరుగురి జట్టు లేనివానికి ముమ్మాటికి తగదు.

క్యాండీ కొరకు పరుగులు తీయనక్కరలేదు. ఒక జంతువును తోడుగా నియమించుకొని నడచినచో జాతిని బట్టి 1, 3, 5 లేక 20 కిలోమీటర్లకు ఒక క్యాండీ వచ్చును. బడికి నడచిపోవు పల్లె విద్యార్థికి పట్టణవాసి కంటె పైచేయి అగు సంగతి ఈ ఆటలో బహుశా ఇదొక్కటే. బస్సులో వేగముగా పోయిన దూరము లెక్కకు రాదు. డబ్బుపెట్టి కొను నాణెములు కూడ ఈ ఆటలో కలవు. జిమ్ అను కోటలలో తన జంతువును నిలిపినవానికి దినమునకు 50 వరకు ఉచితముగా వచ్చును. తండ్రి ఫోనులో తండ్రి డబ్బుతో కొను పిల్లలకు ఈ సంగతి తెలియుట మంచిది. జనగామ మీదుగా పోవు 163వ జాతీయ రహదారి పక్కను గాని, రైలు పట్టాల మీదను గాని తెర చూచుచు నడచుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

చివరగా ఉపాధ్యాయులు నల్లబల్లపై వేయదగిన లెక్క ఒకటి. ఆటగాళ్లు పరిశీలించి రాబట్టిన దెబ్బ సూత్రము ఇది: ప్రయోగబలములో సగమును దాడితో హెచ్చించి, ఎదుటివాని రక్షణతో భాగించి, గుణలాభములతో హెచ్చించి, భిన్నమును వదలి, ఒకటి కలుపవలెను. భిన్నమును వదలుటలోనే చిక్కున్నది. దాడి 249 గల మచాంప్, 10 బలము గల తన గుణపు ప్రయోగముతో, రక్షణ 162గా ఉన్న టైరనిటార్‌ను కొట్టుచున్నదనుకొందము. 5ను 249తో హెచ్చించి, 162తో భాగించి, 1.2తోను 2.56తోను హెచ్చింపగా 23.609 వచ్చును. దీనిని లెవెల్ గుణకముతో హెచ్చింపవలెను. 30వ లెవెల్‌లో ఫలితము 17.27; దెబ్బ 18. 35వ లెవెల్‌లో గుణకము 0.7616, ఫలితము 17.98, దెబ్బ ఇంకను 18. పదిసార్లు బలము పెంచినను శీఘ్రప్రయోగపు దెబ్బ వెంట్రుకవాసి కదలలేదు! మరి ఒక్క అరలెవెల్ పెంచి 35.5 చేర్చినచో గుణకము 0.7645, ఫలితము 18.05, దెబ్బ 19. అక్కడి నుండి 40వ లెవెల్ వరకు పోయినను ఫలితము 18.66, దెబ్బ 19 మాత్రమే. 30 నుండి 35.5 వరకు ఖర్చు 70,000 డస్టు; 35.5 నుండి 40 వరకు మిగిలిన 80,000 డస్టు ఈ ఒక్క దెబ్బ విషయములో వృథా. రక్షణ 150గా ఉన్న మరియొక జంతువును తీసికొనినచో ఈ మలుపు ఏ గుణకము వద్ద వచ్చునో విద్యార్థులు స్వయముగా కనుగొనవచ్చును.